కాలింగ్ బెల్ బటన్లతో ఆటల పెట్టె

ఆ రోజుల్లో తెనాలిలో పని లేని కుర్రాడు పొద్దు పుచ్చడానికి రెండే చోట్లు ఉండేవి. ఒకటి సినిమా హాలు, రెండోది గ్రంథాలయం. హాల్లోకి వెళ్ళాలంటే టిక్కెట్టు కావాలి, గ్రంథాలయానికి అక్కర్లేదు. నేను చదువరిని కావడానికి అసలు కారణం ఇదే. అయినా ఎవరైనా అడిగితే మాత్రం "జ్ఞానతృష్ణ అండీ" అని చెప్పేవాణ్ణి. డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం రాక, పొద్దున్నే వెళ్ళి ఫ్యాను కింద కుర్చీ పట్టుకుని, చేతికందిన పుస్తకమల్లా చదివేవాణ్ణి. కరెంటు పోతే అదే పుస్తకంతో విసురుకునేవాణ్ణి. అక్కడి లైబ్రేరియన్‌కి మేం పెట్టుకున్న పేరు నిశ్శబ్దం గారు (ఆయన నోటి నుంచి మేం ఇంకో మాట విన్న గుర్తు లేదు). అలా రాకెట్ల నుంచి తేనెటీగల పెంపకం దాకా నాకు తెలియని విషయం లేకుండా పోయింది. వాటిలో చేసి చూసినది ఒక్కటీ లేదనే సంగతి అప్పట్లో నాకు లోటుగా తోచలేదు.

ఇదంతా ఇప్పుడు రాయవలసిన అవసరం ఎందుకొచ్చిందంటే, మొన్న బాపట్లలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర బాబాయి వరసాయన ఒకరు నన్ను చూపించి పక్కవాళ్ళతో, "వీడు కుర్రతనంలో ఒక గేముల పెట్టె చేశాడండి, అది పేలి రేపల్లెలో వీళ్ళ మామయ్య టైలరు షాపు తగలబడింది" అని చెప్పారు. అందరూ నా వంక గౌరవంగా చూశారు. పెట్టె పేలలేదు. షాపు తగలబడలేదు. నిజం ఇంతకంటే చాలా చిన్నది, నా పరువుకి సంబంధించినంత వరకూ ఇంతకంటే అన్యాయమైనది. అయినా సరే, నిజం నిజమే కాబట్టి, ఈ కథకి ఇంకో నాలుగు కథలు పుట్టకముందే రాసి పెడుతున్నాను.

రెండువేల మూడో, నాలుగో. అప్పటికి తెనాలిలో వీడియో గేముల షాపులు కొన్ని ఉండేవి. నిలువెత్తు చెక్క పెట్టె, అందులో తెర, తెర ముందు బొమ్మని నడిపే ఒక కర్ర, కర్ర పక్కన బటన్లు. పిల్లలు వాటి ముందు వరస కట్టి నిలబడేవాళ్ళు. ఆ పెట్టెలు మద్రాసు నుంచి రావాలట. "ఇందులో ఏముంది, నేను చేస్తా" అన్నాను ఒకరోజు ఇంట్లో. గ్రంథాలయంలో ఎలక్ట్రానిక్స్ పుస్తకం ఒకటి అప్పుడే పూర్తి చేసి ఉన్నాను. పూర్తి అంటే, ఉన్నంత వరకు. చివరి పేజీలు ఎవరో చింపుకుపోయారు. చిరిగిన భాగంలో "లోపాలు, వాటి నివారణ" అనే అధ్యాయం ఉండేదని విషయసూచిక చెబుతోంది. లోపాలు వచ్చేది పని రానివాళ్ళకి గదా, నాకెందుకు అనుకున్నాను.

మూతపడిన ఇంటర్నెట్ సెంటరులో పాత కంప్యూటరు, మానిటరు దొరికాయి. ఆటలకి వాడే అసలైన బటన్లు మాత్రం తెనాలిలో ఎక్కడా లేవు. ఎలక్ట్రికల్ షాపాయన నా వివరణంతా ఓపిగ్గా విని, "నొక్కితే పనిచెయ్యాలి, వదిలితే ఆగాలి, అంతేగా బాబూ?" అని ఇళ్ళ గుమ్మాల పక్కన ఉండే గుండ్రటి కాలింగ్ బెల్ బటన్లు తీసి ముందు పోశాడు. అవే కొన్నాను. ఇక కీబోర్డు విప్పితే లోపల చిన్న పచ్చ పలక ఉంటుంది. ఏ అక్షరం నొక్కామో కంప్యూటరుకి చెప్పేది అదే. దాని అంచుకు వైర్లు అతికించి, రెండో కొసలు బటన్లకు కలిపితే, మనం బటను నొక్కినప్పుడల్లా కంప్యూటరు అక్షరం నొక్కారనుకుంటుంది. ఒక బటను దూకడానికి, ఒకటి కాల్చడానికి, ఒకటి తన్నడానికి. ఇంతే విద్య. (ఇంత తేలిగ్గా ఇప్పుడు చెబుతున్నాను గాని, ఆ అతికించడంలో నా వేళ్ళు కాలినంతగా వైర్లు కూడా కాలలేదు.)

పెట్టె బాపట్లలో వడ్రంగి ఛోటా భాయ్ చేశాడు. ఆరడుగుల మనిషి, వాళ్ళింట్లో చిన్నవాడు కాబట్టి ఛోటా భాయ్. నేను గీసిచ్చిన బొమ్మ చూసి అంతా బాగానే చేశాడు గాని కర్రని ఎడమ వైపు కాకుండా కుడి వైపు పెట్టాడు. అదేమిటని అడిగితే, "ఎడం చేత్తో ఎవరన్నా బండి నడుపుతారా తమ్ముడూ? బొమ్మలో తప్పు గీశావులే, నేను సరిచేశా" అన్నాడు. నేను ప్రపంచంలో ఉన్న పద్ధతి చెప్పబోయాను. "ప్రపంచంలో అందరూ తప్పు చేస్తే మనమూ చెయ్యాలా?" అన్నాడు. ప్రపంచం తరఫున వాదించడానికి నా దగ్గర పుస్తకం లేకపోయింది. కర్ర కుడి వైపే ఉండిపోయింది.

పెట్టె పెట్టడానికి చోటు మా మేనమామ ఇచ్చాడు. రేపల్లె బజార్లో ఆయన టైలరు. రెడీమేడ్ దుస్తులొచ్చాక షాపులో రెండో మిషను ముందు కూర్చునే మనిషి మానేస్తే ఆ చోటు ఖాళీ అయింది. "మా అక్క కొడుకు కంప్యూటరు మిషను కనిపెట్టాడు, ఇక్కడే పెడతాడు" అని బజారంతా చెప్పాడు. ఈ ముచ్చటంతా మా నాన్న మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. పొన్నూరులో తెలిసినవాళ్ళ రైసు మిల్లులో నాకు గుమాస్తా పని మాట్లాడి పెట్టారు. బస్తాలు ఎక్కుతుంటే రాసుకోవాలి, దిగుతుంటే రాసుకోవాలి. "వచ్చే ఆదివారం నేను రేపల్లె వస్తా. నీ పెట్టె నడుస్తుంటే నీ ఇష్టం. లేదంటే సోమవారం పొద్దున్నే పొన్నూరు బస్సెక్కాలి" అన్నారు. ఆయన గట్టిగా అనలేదు. గట్టిగా అనని మాటలే మా ఇంట్లో అమలయ్యేవి.

సోమవారం సాయంత్రం పెట్టెకి కరెంటిచ్చాను. తెర వెలిగింది. బొమ్మ నడిచింది, దూకింది, కాల్చింది. మామయ్య తన కుట్టు మిషను దగ్గర్నుంచి లేచొచ్చి, కత్తెర చేతిలో అలాగే పట్టుకుని, "అబ్బ, మనిషి లాగానే దూకుతున్నాడురా" అన్నాడు. ఆ సాయంత్రం ప్యాసింజరులో తెనాలికి నేను కూర్చుని రాలేదు, తేలుతూ వచ్చాను.

మర్నాడు పది గంటల బండికి రేపల్లెలో దిగి షాపుకి వెళ్ళేసరికి అప్పటికే పిల్లలు గుమిగూడి ఉన్నారు. బొమ్మ నడుస్తోంది గాని దూకడం లేదు. ఎంత నొక్కినా గొయ్యి దాకా వెళ్ళి అందులో పడుతోంది. "అన్నా, ఈడికి కాళ్ళు లెవ్వా?" అన్నాడొకడు. నేను నవ్వాను. భయపడి నవ్వడం కాదు. లోపం ఏమిటో నాకు వెంటనే తెలిసిపోయింది, అందుకు నవ్వాను. కీబోర్డులో కొన్ని అక్షరాలు కలిపి నొక్కితే లేని అక్షరం ఉన్నట్టు కనిపించడమో, ఉన్నది కనిపించకపోవడమో జరుగుతుంది. దాన్ని ఇంగ్లీషువాళ్ళు దయ్యం పట్టడం అంటారు. ఇది పుస్తకంలో ఉంది, చిరగని భాగంలో. దీనికి మందు డయోడు అనే చిన్న ముక్క. (నేను దాన్ని చదవడమే గాని ఎవరూ పలకగా వినలేదు. అప్పటికప్పుడు బండెక్కి తెనాలి వెళ్ళి షాపులో "డియోడు ఉందా అండీ" అని ధాటిగా అడిగాను. వాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటూ ఉంటారు.)

"మామయ్యా, దీనికి దయ్యం పట్టింది" అన్నాను.

మామయ్య కుట్టడం ఆపి, "సోమవారం అమావాస్యని చెప్పానా?" అన్నాడు.

"ఆ దయ్యం కాదు, ఇది సాంకేతికమైన దయ్యం."

"ఏదైనా దయ్యం దయ్యమేరా" అని మళ్ళీ కుట్టుకోసాగాడు.

బటన్లన్నీ ఊడదీసి, డయోడ్లు పెట్టి, మళ్ళీ బిగించి, పరీక్షించడానికి ఒక్కొక్కటీ వందసార్లు నొక్కాను. సాయంత్రానికి బొమ్మ దూకింది. నా సిద్ధాంతం రుజువైంది. పిల్లలకి దయ్యం గురించి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను, వాళ్ళు విననప్పటికీ.

ఆ మర్నాడు పొద్దున వెళ్ళేసరికి దూకే బటనుతోపాటు కాల్చే బటను కూడా పోయింది. అంటే దయ్యం కాదు. ఆలోచించగా తట్టింది: రేపల్లెకి సముద్రం దగ్గర. ఉప్పు గాలి. ఉప్పు గాలి ఇనుమునే తినేస్తుంది, కాలింగ్ బెల్ ఎంత? వెంటనే బటన్లన్నీ విప్పి, తుడిచి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, మళ్ళీ వందేసిసార్లు నొక్కాను. సాయంత్రానికి అన్నీ పనిచేశాయి. ఉప్పు గాలి సిద్ధాంతం కూడా రుజువైంది. గురువారం పొద్దున మళ్ళీ మూగబోయాయి. ఈసారి తప్పు టైలరు షాపులో ఎగిరే నూలు పీచుదని తేల్చాను. మామయ్యని బట్ట కాస్త అవతలగా కత్తిరించమన్నాను. ఆయన ముఖం మాడ్చుకున్నాడు. "టైలరు షాపులో బట్ట కత్తిరించక బెండకాయలు కొయ్యమంటావేంట్రా?" అన్నాడు. అయినా బల్ల అవతలికి జరుపుకున్నాడు. సాయంత్రానికి బటన్లు పనిచేశాయి, పీచు సిద్ధాంతం రుజువైంది. ఒకే రోగానికి మూడు కారణాలు నిస్సందేహంగా నిరూపించిన వైద్యుణ్ణి నేను తప్ప ఇంకొకరుంటారనుకోను.

శుక్రవారం మాత్రం సాయంత్రమైనా ఏ బటనూ పలకలేదు. నా వేళ్ళ చివర్లు బొబ్బలెక్కాయి గాని తెర మీద బొమ్మ గొయ్యి ముందు రాయిలా నిలబడి ఉంది. పిల్లలు రావడం మానేశారు. వచ్చిన ఒక్కడూ, "అన్నా, ఇదెప్పుడు పనిచేసిద్ది?" అని అడిగి, నా ముఖం చూసి జవాబు అక్కర్లేదన్నట్టు వెళ్ళిపోయాడు. అత్తయ్య క్యారియర్లో అన్నం తెచ్చి పెడుతూ, "పొన్నూరు కూడా మంచి ఊరేరా అబ్బాయ్, బస్సులూ ఆటోలూ బాగుంటయ్యి" అంది. ఓదార్పులో ఇంత బాధ ఉంటుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ సాయంత్రం బండిలో బస్తాలు కళ్ళ ముందు ఎక్కుతూ దిగుతూ కనిపించాయి.

శనివారం ఇక ఆగలేక మొదటి బండికే వెళ్ళాను. మామయ్య అప్పుడే షాపు తెరిచి, నీళ్ళు చల్లి, అగరొత్తి వెలిగించి ఉన్నాడు. తన కుట్టు మిషను మీద గుడ్డ తీసి, పొడుగు ముక్కు నూనె డబ్బా పట్టుకుని, మిషనుకున్న ప్రతి రంధ్రంలోనూ ఒక్కో చుక్క వేసి, చక్రం ఒకసారి తిప్పి, అది సాఫీగా తిరిగిందని తలూపాడు. టైలర్లందరూ పొద్దున్నే చేసే పనే. నేను చూస్తూ గుమ్మంలో నిలబడ్డాను. ఆ తర్వాత ఆయన అదే డబ్బాతో నా పెట్టె దగ్గరికి నడిచాడు. వంగి, దూకే బటను చుట్టూ ఉన్న సందులోకి ముక్కు ఆనించి, ఒకటి, రెండు, మూడు, నాలుగు. తర్వాత కాల్చే బటను.

"మామయ్యా, ఏం చేస్తున్నావు?"

"వచ్చావా అల్లుడూ? ఇవ్వాళ పెందరాళే వచ్చావే. ఏం లేదు, నూనేస్తన్నా."

"రోజూ వేస్తున్నావా?"

"రోజూ వెయ్యక పండక్కేస్తారా? నువ్వేమో పుస్తకాలు, వైర్లు అంటా తిరుగుతా ఉంటివి. మిషనన్నాక దానికి నూనె ఎవరో ఒకరు చూడాలిగా. మొదట్లో రెండేసి చుక్కలే ఏశా. మొరాయిస్తందని మూడు చేశా. నిన్న మరీ బిగుసుకుపోయిందని నాలుగు."

స్టూలు లాక్కుని కూర్చున్నాను. కాలింగ్ బెల్ లోపల రెండు చిన్న ఇత్తడి రేకులుంటాయి. నొక్కితే ఒకదానికొకటి తగలాలి. ఇంట్లో కరెంటైతే నూనె పొరని లెక్కచెయ్యక దూకుతుందేమో గాని, నా కీబోర్డు పలకలో నడిచే కరెంటు మరీ చీమంత. దానికి నూనె చుక్క గోదావరంత. సాయంత్రం దాకా నేను వందలసార్లు నొక్కితే రేకుల మీది నూనె అరిగి బటన్లు పలికేవి. పొద్దున్నే మామయ్య మళ్ళీ పోసేవాడు. నా మూడు సిద్ధాంతాలనీ రుజువు చేసింది నా వేలే.

ఇప్పుడు ఈ మాట ఆయనతో ఎలా అనడం? చోటిచ్చిన మనిషి. బల్ల జరుపుకున్న మనిషి. పుస్తకం భాషలో చెబితే దెబ్బ తగలదనుకుని, "మామయ్యా, విద్యుత్ ప్రవాహానికి తైల పదార్థాలు అనేవి..." అని మొదలుపెట్టాను.

"నా నూనె వల్ల చెడిందంటావు, అంతేగా" అన్నాడు. "దానికి అంత దూరం తిరిగి రావాలా?"

డబ్బా గూట్లో పెట్టి, తన మిషను ముందు కూర్చుని, సూదిలో దారం లేకుండానే కాసేపు ఊరికే తొక్కాడు. నేను స్క్రూడ్రైవరు తీసి బటన్లు విప్పడం మొదలుపెట్టాను. రెండో బటను విప్పేసరికి నా పక్కన ఒక చిన్న సీసా వచ్చి నిలబడింది. పెట్రోలు. బట్ట మీద మిషను నూనె మరక పడితే టైలర్లు దాంతోనే తుడుస్తారు. "నూనె వదిలించటం నూనె పోసేవాడికి తెలియదా?" అన్నాడు మామయ్య, నా వంక చూడకుండా. ముందు అగరొత్తి ఆర్పి బయట పారేశాడు. తర్వాత ఇద్దరం నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్కో రేకునీ పుల్లకి చుట్టిన గుడ్డ పీలికతో తుడిచాం. ఆయన చేతికొచ్చినంత నున్నగా నాకు రాలేదు. అత్తయ్య టిఫిన్ తెచ్చి, వరసగా కాగితం మీద ఆరబెట్టిన బటన్లు చూసి, "నూనె పెట్టారన్నమాట, ఇప్పుడు తలంటు పోస్తున్నారన్నమాట" అని ఇడ్లీ వడ్డించింది.

ఆదివారం మా నాన్న వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. పెట్టె ముందు పిల్లలు పక్కకి జరిగి చోటిచ్చారు. ఆయన బటన్ల వంక తేరిపార చూసి, ఒకటి నొక్కి, రెండడుగులు వెనక్కి వేసి, మర్యాదగా నిలబడ్డారు. ఎవరో తలుపు తీస్తారన్నట్టు. "పెద్దాయనా, నొక్కి ఊరుకోకూడదండి, నొక్కుతానే ఉండాల" అన్నాడు ఒక పిల్లాడు. నాన్న మళ్ళీ ముందుకొచ్చి నొక్కారు. బొమ్మ దూకింది. ఇంకోటి నొక్కారు. కాల్చింది. తర్వాత నడిచి గోతిలో పడింది.

"చచ్చిపోయాడు" అన్నారు నాన్న.

"మళ్ళీ పుడతాడు నాన్నా."

"ఎన్నిసార్లు?"

"మూడు."

"మనకంటే నయమే" అని కర్ర వదిలి నా వైపు తిరిగారు. "సరే, నడుస్తోంది. మరి వారమంతా నడవలేదని బండిలో వచ్చినవాళ్ళు చెప్పారే? రేపు మళ్ళీ ఆగదని ఏంటి నమ్మకం? ఎందుకు చెడింది?"

నా నోట్లో దయ్యం, ఉప్పు గాలి, నూలు పీచు ఒకేసారి బయటికి రావడానికి తోసుకున్నాయి. నిజం చెబితే మామయ్య పరువు బజార్లో పెట్టినట్టు. చెప్పకపోతే పొన్నూరు. ఈ మామయ్య గురించి రేపల్లెలో అందరికీ ఒక సంగతి తెలుసు. ఆయన కుట్టిన ప్యాంటు పొట్టయితే, "నువ్వు పొడుగయ్యావు" అనేవాడు. చొక్కా బిగుతైతే, "వంట బాగుంటుందా ఇంట్లో?" అనేవాడు. కొలత తప్పిందని ఆ నోట ఎవరూ వినలేదు. ఆ రోజు షాపులో బట్టలు తీసుకోవడానికొచ్చినవాళ్ళు కూడా ఉన్నారు.

"నా వల్ల బావా" అన్నాడు మామయ్య, కుట్టడం ఆపకుండా. "రోజూ పొద్దున్నే ఆ గుండీల్లో నేనే నూనె పోశా. కుర్రాడి పనిలో తప్పేం లేదు. నేను పొయ్యకపోతే మొదటి రోజు నుంచీ నడిచేది."

బట్టలకొచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన తన చేతిలోని ప్యాంటు పొడుగు నెమ్మదిగా కొలుచుకోసాగాడు. నాన్న గొడుగు చంకలో పెట్టుకుని మామయ్య వైపు తిరిగారు.

"నువ్వు తప్పు నీదేనన్నావంటే, ఈ పెట్టెలో ఏదో మహిమ ఉన్నట్టే ఉందయ్యా" అన్నారు. "సరే. మిల్లు వాళ్ళకి ఇంకో కుర్రాణ్ణి చూసుకోమంటాను."

ఆ పెట్టె రెండు వేసవులు నడిచింది. తర్వాత ఇళ్ళలోకి కంప్యూటర్లొచ్చాయి, పిల్లలు వాటి ముందుకెళ్ళారు. నేను అవి బాగుచేసే పని నేర్చుకుని దానిమీదే బతికాను. కంప్యూటరు చెడిందని ఎవరు పిలిచినా, తెరిచే ముందు, "పొద్దున్నే దీన్ని ఎవరు తుడుస్తారండి?" అని అడగడం నాకు అలవాటైంది. సగం జబ్బులు అక్కడే బయటపడేవి.

ఇక నా ధన్యవాదాలు. ప్రపంచాన్ని లెక్కచెయ్యకుండా కర్రని కుడి వైపు పెట్టిన ఛోటా భాయ్‌కి (రేపల్లె పిల్లలు కుడి చేత్తోనే ఆడారు, ఎవరూ తప్పుపట్టలేదు). పుస్తకంతో విసురుకుంటుంటే చూసి కూడా చూడనట్టున్న నిశ్శబ్దం గారికి. నా "డియోడు"ని నా ఎదుట నవ్వకుండా పొట్లం కట్టిచ్చిన షాపాయనకి. పొన్నూరు గురించి మంచిమాట చెప్పిన అత్తయ్యకి. కత్తెర కొలత కన్నా పెద్ద మాటని ఒక్క ఊపిరిలో అనేసి మళ్ళీ కుట్టుకోసాగిన మామయ్యకి. మా నాన్నకి. ఆ ఆదివారం సాయంత్రం తెనాలి ప్యాసింజరులో భట్టిప్రోలు దాటాక ఆయనకి దిగే దారి లేదని చూసుకుని, కీబోర్డు దయ్యం గురించి మొత్తం చెప్పాను. జంపని స్టేషను వచ్చేదాకా విని, "అయితే ఆ దయ్యం మన పెట్టెలో లేదంటావు?" అన్నారు. లేదన్నాను. "మరి ఇంతసేపూ ఎందుకు చెప్పావురా?" అన్నారు. నేను ఆ ప్రశ్న అర్థం కానట్టు, మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.

కాలిన వేళ్ళతో గాలిలో వైర్లు గీస్తూ, ఎదుటి సీట్లో కూర్చున్న తండ్రికి తనకే తెలియనివన్నీ విడమర్చి చెబుతున్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా వేస్తుంది. పని నేర్చుకున్నాక మళ్ళీ ఏ విషయం గురించీ నేను అంత ధైర్యంగా మాట్లాడలేకపోయాను.